జైలు గేటు దగ్గర టీబీ పరీక్ష: నంద్యాల, ఆళ్లగడ్డ సబ్ జైళ్ల ముందు నిలబడి కొన్ని ప్రశ్నలు

గడివేముల స్టేషన్‌లో ఒక కొట్లాట కేసో, నాటుసారా కేసో నమోదైతే మనిషి మామూలుగా నంద్యాల కోర్టు మీదుగా సబ్ జైలుకు పోతాడు. చాగలమర్రి, రుద్రవరం, ఉయ్యాలవాడ వైపు వాళ్లకు ఆళ్లగడ్డ. శిక్ష పడి ఎక్కువ కాలం ఉండాల్సి వస్తే కడప సెంట్రల్ జైలు. మన వాడల్లో చాలా ఇళ్లకు ఈ దారి తెలుసు. ఎవరి వకీలు ఎంత అడుగుతాడు, ములాఖత్‌కు ఏ వేళకు పోవాలి, జామీనుకు ఎవరి పాసుపుస్తకం దొరుకుతుంది అన్నీ తెలుసు. లోపలికి పోయేటప్పుడు మనిషి ఊపిరితిత్తులు ఎట్లా ఉన్నాయి, బయటికి వచ్చేటప్పుడు ఎట్లా ఉన్నాయి అన్నది మాత్రం ఎవరూ అడగరు. అడగాల్సిన పని చట్టం ఎవరికి అప్పగించింది, ఏ పద్ధతిలో జరగాలి, జరగనప్పుడు ఎవరిని నిలదీయాలి అన్నవి ఒకచోట పెట్టే ప్రయత్నం ఈ వ్యాసం.

మా వీధిలో ఒకాయన ఒక గొడవ కేసులో 19 రోజులు రిమాండులో ఉండి బెయిలు మీద వచ్చినాడు. రెండు నెలలకు దగ్గు పట్టుకుంది, సాయంత్రం పూట జ్వరం, మనిషి సగమైనాడు. ఆలస్యంగా పరీక్ష చేస్తే టీబీ. ఆయన భార్య అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఇది లోపల అంటిందా, ఇంటి నుంచే తీసుకపోయినాడా?" నేను పరిశోధక విద్యార్థిని, జైళ్ల ఆరోగ్యం మీద చదువుతున్న మనిషిని. నా దగ్గర కూడా జవాబు లేదు. టీబీ క్రిమి ఒంట్లోకి చేరినాక జబ్బుగా బయటపడడానికి కొన్ని వారాలు పట్టొచ్చు, కొన్నేళ్లు పట్టొచ్చు. క్రిమి సోకిన వాళ్లలో జీవితకాలంలో నూటికి 5 నుంచి 10 మందికే జబ్బు వస్తుంది, అందులో ఎక్కువ భాగం మొదటి రెండేళ్లలోనే. కాబట్టి జైల్లో అడుగుపెట్టిన రోజు పరీక్ష చేసి రాసిన కాగితం ఉంటే తప్ప ఆమె ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేరు. ఆ కాగితం లేకపోవడం వల్ల లాభపడేది ఎవరో వేరే చెప్పనక్కర్లేదు.

జైలు, టీబీ ఎందుకు ఇంత దగ్గరి చుట్టాలు

టీబీ గాలి ద్వారా అంటుతుంది. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, గట్టిగా మాట్లాడినప్పుడు కూడా సన్నటి తుంపరల్లో క్రిమి బయటికొచ్చి గాలి ఆడని గదిలో గంటల తరబడి తేలుతూ ఉంటుంది. ఎండ, గాలి ధారాళంగా ఉన్నచోట దాని బలం తగ్గిపోతుంది. ఇప్పుడు సాయంత్రం లాకప్ చేసి తెల్లారి తీసే బారక్‌ను ఊహించుకోండి. 2016 నాటి నమూనా జైలు మాన్యువల్ ప్రకారం బారక్‌లో ఒక్కో మనిషికి పడుకునేందుకు 3.71 చదరపు మీటర్ల జాగా ఉండాలి. మన లెక్కలో 40 చదరపు అడుగులు, ఒక నులక మంచం, దాని చుట్టూ తిరిగేంత చోటు. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కల్లో దేశంలోని జైళ్ల సామర్థ్యం 4,36,266 మంది, లోపల ఉన్నది 5,73,220 మంది. అంటే వంద మంది పట్టేచోట 131 మంది. ఆ 40 అడుగులు కాగితం మీద మాత్రమే ఉన్నాయి.

ప్రపంచం మొత్తం మీద ఈ జబ్బు లెక్క 2023లో 'లాన్సెట్ పబ్లిక్ హెల్త్' పత్రికలో వచ్చింది. 2019లో జైళ్లలో ఉన్నవారిలో సుమారు 1,25,105 మందికి కొత్తగా టీబీ వచ్చి ఉంటుందని అంచనా. లక్ష మందికి ఏడాదికి 1,148 కేసులు, బయటి జనాభాతో పోలిస్తే సుమారు తొమ్మిది రెట్లు. నన్ను ఆపింది మాత్రం ఇంకో అంకె: అందులో నూటికి 53 మందినే గుర్తించగలిగారు. మిగతావాళ్లు జబ్బుతోనే బారక్‌లో ఉన్నారు, జబ్బుతోనే ఇంటికి పోయినారు. మరుసటి ఏడాది లాటిన్ అమెరికాలోని ఆరు దేశాల మీద వచ్చిన అధ్యయనం, అక్కడ 2019 నాటి మొత్తం టీబీ కేసుల్లో నూటికి 27కు 1990 తర్వాత జైలుపాలు చేయడం పెరిగిపోవడమే కారణమని లెక్కగట్టింది. అందులో జబ్బు జైల్లో బయటపడిన వాళ్లతో పాటు విడుదలై ఇంటికి పోయినాక పడిపోయిన వాళ్లూ, వాళ్ల నుంచి అంటించుకున్న ఇంటివాళ్లూ ఉన్నారు.

లోపల ఉన్నది ఎవరు అన్న దగ్గరికి వస్తే మనకు కొత్త సంగతేమీ లేదు. 2022లో జైళ్లలో ఉన్నవారిలో నూటికి 75.8 మంది విచారణ ఖైదీలు, అంటే నేరం రుజువు కానివాళ్లు. 2011 జనగణనలో ఎస్సీలు దేశ జనాభాలో 16.6 శాతమైతే జైళ్లలో దాదాపు ఐదో వంతు. వీళ్లు జైలుకు రాకముందే టీబీకి దగ్గరగా బతుకుతున్నవాళ్లు. బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు నాపరాళ్ల గనులు, పాలిష్ ఫ్యాక్టరీల్లో రాతి పొడి పీల్చే కూలీలకు టీబీ ప్రమాదం మామూలు మనిషి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. దానికి తోడు చాలని తిండి, బీడీలు, ఒక్క గదిలో ఆరుగురు. జైలు ఈ మనుషులను ఏరి తెచ్చి ఒకచోట మూసిపెడుతుంది.

మన జిల్లాకు దీంట్లో పాత చరిత్ర కూడా ఉంది. 1871 నాటి నేరస్త జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి వచ్చినాక ఎరుకల వంటి జాతులను పుట్టుకతోనే దొంగలుగా రాసుకుని సెటిల్మెంట్లలో పెట్టినారు. ఆత్మకూరు దగ్గరి సిద్ధాపురం అట్లాంటి సెటిల్మెంటే. 1952లో చట్టం పోయింది కానీ ఏ దొంగతనం జరిగినా ముందు ఎవరి గుడిసె తలుపు తడతారో ఇప్పటికీ మారలేదు. పదేపదే రిమాండుకు పోయివచ్చే మనిషికి ఒక్కోసారీ అదే బారక్ గాలి. ఆ పోవడం రావడాలన్నీ కలిపి లెక్కవేస్తే టీబీ ప్రమాదం కూడా కేసులతో పాటే పెరుగుతుంది.

పరీక్ష అంటే ఏం పరీక్ష

స్క్రీనింగ్ అంటే జబ్బు ఉందని తేల్చడం కాదు. జబ్బు ఉండొచ్చు అన్నవాళ్లను గుంపులోంచి వేరు చేసి, వాళ్లకు అసలు పరీక్ష చేయించడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల్లో జైళ్లలో ఉన్న అందరికీ క్రమపద్ధతిలో టీబీ స్క్రీనింగ్ జరగాలని గట్టిగా సిఫారసు చేసింది. కనీసం మూడు సందర్భాల్లో: లోపలికి వచ్చినప్పుడు, లోపల ఉన్నంతకాలం ఏడాదికోసారి, విడుదలయ్యేటప్పుడు.

మన దగ్గర ఎక్కువగా జరిగేది నాలుగు ప్రశ్నల పద్ధతి. రెండు వారాలకు మించి దగ్గు ఉందా, జ్వరం వస్తోందా, బరువు తగ్గినావా, రాత్రిళ్లు చెమటలు పడుతున్నాయా. ఖర్చు లేదు, ఎవరైనా అడగొచ్చు. దీని లోపం ఎంతో చెప్పే లెక్క మన దేశంలోనే ఉంది. 2019-21 జాతీయ టీబీ వ్యాప్తి సర్వేలో బయటపడిన రోగుల్లో 42.6 శాతం మందిని ఛాతీ ఎక్స్‌రే వల్లే పట్టుకోగలిగారు. ప్రశ్నలతోనే సరిపెట్టి ఉంటే పదిమందిలో నలుగురు తప్పిపోయేవాళ్లు. ఇది బయట, ఇంటి దగ్గర, భయం లేకుండా జవాబు చెప్పేచోట. జైల్లో ఖాకీ బట్టల మనిషి పక్కన నిలబడి ఉండగా "దగ్గుందా?" అని అడిగితే ఎంతమంది ఉందంటారు? ఉందంటే వేరే గదిలో వేస్తారని, ములాఖత్ ఆపుతారని, తోటివాళ్లు పక్కన పడుకోనివ్వరని భయం. అందుకే జైళ్లలో ప్రశ్నలకు తోడు ఎక్స్‌రే తప్పనిసరి అనేది నా అభిప్రాయం. ఇప్పుడు చేత్తో మోసుకపోగలిగే ఎక్స్‌రే యంత్రాలు వచ్చినాయి. సబ్ జైలు వరండాలో కూడా తీయొచ్చు.

అనుమానం వచ్చినవాళ్ల తెమడను సీబీనాట్ లేదా ట్రూనాట్ యంత్రంలో పెట్టాలి. గోవాలోని ఒక భారతీయ కంపెనీ తయారుచేసిన ట్రూనాట్ గంట ప్రాంతంలో, సీబీనాట్ రెండు గంటల్లో క్రిమి ఉందో లేదో చెబుతాయి. మందుకు లొంగే రకమా కాదా అన్నదీ తేలుతుంది. పాత పద్ధతిలో గాజు పలక మీద తెమడ రాసి సూక్ష్మదర్శినిలో చూడడం చవకే గానీ, ఒక మిల్లీలీటరు తెమడలో వేల సంఖ్యలో క్రిములు ఉంటే తప్ప కనబడవు. తెమడ అంటే ఉమ్ము కాదు, లోపలి నుంచి దగ్గి తీసిన గళ్ల. ఇది సరిగా చెప్పకుండా డబ్బా చేతికిచ్చి పొమ్మంటే ఉమ్మే వస్తుంది, ఫలితం "లేదు" అనే వస్తుంది. చిన్న విషయంలా కనబడుతుంది, కానీ జబ్బు ఉన్నవాడు తప్పించుకపోయేది ఇక్కడే.

సబ్ జైలు లెక్క వేరు

జైళ్లలో టీబీ గురించి ప్రభుత్వం ఏమీ చేయలేదని అనడం సరికాదు. 2023లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ జైళ్లలో హెచ్ఐవీ, సుఖవ్యాధులు, టీబీ, హెపటైటిస్ పరీక్షలు కలిపి నెలరోజుల కార్యక్రమం నడిపింది. 2024 డిసెంబర్ 7న 347 జిల్లాల్లో మొదలైన వంద రోజుల టీబీ ప్రచారంలో కూడా ప్రమాదం ఎక్కువున్న జనంలో ఖైదీలను చేర్చారు. క్యాంపు పెడతారు, ఫొటోలు వస్తాయి, కొందరికి జబ్బు బయటపడుతుంది, అది మంచిదే.

కానీ క్యాంపు అనే ఆలోచన సెంట్రల్ జైలుకు పుట్టింది, అక్కడ మనుషులు ఏళ్ల తరబడి ఉంటారు. సబ్ జైలు బస్టాండు లాంటిది. ఒక ఊహా లెక్క వేసుకుందాం. 40 మంది ఉండే సబ్ జైలు, ఒక్కొక్కరు సగటున నెల రోజులు ఉంటారు అనుకుంటే ఏడాదిలో ఆ గేటు దాటి లోపలికి వచ్చేవాళ్లు 480 మంది. ఏడాదికోసారి క్యాంపు పెడితే పరీక్ష జరిగేది ఆ రోజు ఉన్న 40 మందికి. పన్నెండు మందిలో ఒకరికి. మిగిలిన పదకొండు మంది పరీక్ష లేకుండా వచ్చి, పరీక్ష లేకుండా పోతారు. అందుకే సబ్ జైళ్లకు సంబంధించి గేటు దగ్గరి పరీక్షే అసలు పరీక్ష.

దానికంటే ముందే ఒక అవకాశం ఉంది. అరెస్టు చేసిన మనిషిని మేజిస్ట్రేటు ముందు పెట్టేముందు ప్రభుత్వాసుపత్రికి తీసుకపోతారు. భారతీయ నాగరిక సురక్ష సంహిత 53వ సెక్షన్ ప్రకారం అరెస్టయిన వెంటనే వైద్య పరీక్ష జరగాలి. ఆచరణలో ఆ పరీక్ష దెబ్బలున్నాయా లేవా, బీపీ ఎంత అనే దగ్గర ముగుస్తుంది. అక్కడ నాలుగు ప్రశ్నలు, ఒక ఎక్స్‌రే కలిపితే జైలుకు పోకముందే సగం పని అయిపోతుంది. నంద్యాలలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల కూడా నడుస్తోంది. వసతి లేదనే మాట అక్కడ చెల్లదు.

ఇంకో సమస్య ఉంది, ఇది వాడల్లో బాగా ఎదురయ్యేది. మనిషి అప్పటికే టీబీ మందులు వాడుతుంటాడు. రాత్రి పోలీసులు వచ్చి ఎత్తుకపోతారు. మాత్రల అట్ట ఇంట్లో గూట్లో ఉండిపోతుంది. మామూలు టీబీకి ఆరు నెలలు రోజూ మాత్రలు పడాలి. స్టేషన్‌లో ఒక రోజు, రిమాండులో చెప్పుకోవడానికి భయపడి వారం, తర్వాత ఆసుపత్రికి పంపడానికి ఎస్కార్టు లేదని ఇంకో వారం. ఇట్లా మందు ఆగి ఆగి పడితే క్రిమి మందుకు లొంగని రకంగా మారే ప్రమాదం ఉంది. అప్పుడు వైద్యం ఇంకా కష్టం, ఆ బారక్‌లో పక్కవాళ్లకు అంటేది కూడా ఆ మొండి రకమే.

చట్టం ఏమంటుంది

1894 నాటి జైళ్ల చట్టం 24వ సెక్షన్‌లోనే ఖైదీని లోపలికి తీసుకునేటప్పుడు ఆరోగ్య స్థితిని, ఒంటి మీది గాయాలను పుస్తకంలో రాయాలని ఉంది. జాతీయ మానవ హక్కుల సంఘం 1999లో ప్రతి ఖైదీకి ప్రవేశ సమయంలో ఆరోగ్య పరీక్ష జరగాలని చెబుతూ దానికో నమూనా పత్రం పంపింది. ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాల్లో 24వది బయటి సమాజంలో దొరికే స్థాయి వైద్యమే ఖైదీకీ ఉచితంగా దొరకాలని, టీబీ చికిత్స మధ్యలో తెగకూడదని చెబుతుంది. 30వ నియమం ప్రవేశ పరీక్ష గురించి. 32వ నియమం గురించి కూడా చెప్పాలి, మనం మర్చిపోయేది అదే. పరీక్ష ఖైదీ సమ్మతితో, విషయం అర్థమయ్యేట్టు చెప్పి చేయాలి, ఫలితం గోప్యంగా ఉంచాలి. "నీకు టీబీ అంట రా" అని బారక్ ముందు నిలబడి అరవడం స్క్రీనింగ్ కాదు. మందులు సక్రమంగా పడితే కొన్ని వారాల్లోనే అంటించే శక్తి బాగా తగ్గిపోతుంది, అంతవరకు విడిగా ఉంచడం వైద్యం. వెలుతురు లేని సెల్లులో నెలల తరబడి వేయడం శిక్ష.

వీటన్నిటికంటే మనకు దగ్గరిది కోవెలకుంట్ల సబ్ జైలు నుంచి పుట్టిన తీర్పు. ఔకు పోలీస్ స్టేషన్ కేసులో రిమాండులో ఉన్న చల్లా చిన్నప్పరెడ్డి, ఆయన కొడుకు రామకృష్ణారెడ్డి ఆ జైల్లో 7వ నంబరు సెల్లులో ఉండగా, 1977 మే 5-6 మధ్య రాత్రి కొందరు లోపలికి చొరబడి బాంబులు వేశారు. తండ్రి చనిపోయినాడు, కొడుకు గాయపడినాడు. నష్టపరిహారం దావా నడిచి నడిచి సుప్రీంకోర్టు దాకా పోయింది. ఇది సార్వభౌమాధికారానికి సంబంధించిన పని, మాకు బాధ్యత లేదు అని రాష్ట్రం వాదించింది. 2000 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసి, శిక్ష పడినవాడైనా విచారణలో ఉన్నవాడైనా ఖైదీ మనిషే, 21వ అధికరణం కింద జీవించే హక్కు గేటు బయట వదిలిపెట్టి రాడు అని తేల్చింది. హైకోర్టు ఇచ్చిన 1,44,000 రూపాయల పరిహారం నిలబడింది.

ఆ కుటుంబం రాజకీయ బలమున్న ఫ్యాక్షన్ కుటుంబం, ఇరవై ఏళ్లకు పైగా కోర్టులో నిలబడగలిగింది. వాళ్ల కింద కట్టెలు, కత్తులు మోసి లోపలికి పోయిన మాల మాదిగల పిల్లలకు అంత ఓపిక, అంత డబ్బు ఎక్కడివి? అయినా తీర్పు అందరిదీ. బాంబు వేస్తే రాజ్యం బాధ్యురాలైతే, టీబీ ఉన్న మనిషిని గుర్తించకుండా నలభై మంది మధ్య పడుకోబెట్టినప్పుడు ఎందుకు కాదు? తేడా ఒక్కటే, బాంబుకు సాక్షులు ఉంటారు. టీబీకి సాక్ష్యం ప్రవేశ పరీక్ష కాగితమే. మా వీధి మనిషి విషయంలో లేనిది అదే.

2024 అక్టోబర్ 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును కూడా ఈ కోణంలో చదవాలి. ఆంధ్రప్రదేశ్ సహా పదకొండు రాష్ట్రాల జైలు నియమాల్లోని కులవివక్ష మీద వేసిన పిటిషన్ అది. కులాన్ని బట్టి పనులు కేటాయించే నిబంధనలను కోర్టు కొట్టేసింది, రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. పాకీపని, ఊడ్చే పని కొన్ని కులాలకే అప్పగించడం అంటరానితనమని చెప్పింది. ఇప్పుడు అడగాల్సింది ఏమంటే, జైల్లో టీబీ రోగి ఉన్న గదిని ఎవరు ఊడుస్తున్నారు? తెమడ డబ్బా ఎవరు కడుగుతున్నారు? వాళ్లకు మాస్కు ఇచ్చినారా, వాళ్లకు పరీక్ష చేసినారా? కులం గడి రిజిస్టర్‌లో పోయినా పని పంపకంలో ఉండిపోతే, అది కొందరి ఊపిరితిత్తుల్లో కనబడుతుంది.

బయటికొచ్చినాక

విడుదల రోజే పెద్ద గండి. బెయిలు కాగితాలు సాయంత్రం వస్తాయి, మనిషి రాత్రికి రాత్రి ఊరు చేరతాడు. తెమడ ఫలితం మూడు రోజులకు వస్తుంది, చెప్పడానికి మనిషి లేడు. లేదా చికిత్స మొదలై రెండు నెలలైంది, మిగిలిన నాలుగు నెలల సంగతి ఎవరికీ తెలియదు. దీనికి పరికరం ఉంది. టీబీ అని తేలిన ప్రతి మనిషి వివరాలు నిక్షయ్ పోర్టల్‌లో నమోదు చేసి ఒక నంబరు ఇస్తారు. ఆ నంబరు చేతిలో ఉంటే నంద్యాల నుంచి కడపకు మార్చినా, ఇంటికి వచ్చినా రికార్డు మనిషి వెంట నడుస్తుంది, గడివేముల ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మిగతా మందులు ఇవ్వాలి. పౌష్టికాహారం కోసం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబర్ నుంచి 1,000 చేశారు. అది బ్యాంకు ఖాతాలోకే వస్తుంది కాబట్టి ఖాతా వివరాలు ఎక్కకపోతే ఆ డబ్బు రాదు. ములాఖత్‌కు పోయేవాళ్లు పండ్లతో పాటు పాసుపుస్తకం జిరాక్స్ కూడా పట్టుకపోవడం మంచిది.

మందు వాడుతున్న మనిషిని అరెస్టు చేస్తే ఆసుపత్రి చీటీ, నిక్షయ్ నంబరు వకీలుకు ఇచ్చి రిమాండు సమయంలోనే మేజిస్ట్రేటు ముందు పెట్టించాలి. మందులు ఆపొద్దని ఉత్తర్వుల్లో రాయించుకోవచ్చు. జబ్బు మనిషి అన్నది బెయిలుకు కూడా ఆధారమే, నాగరిక సురక్ష సంహిత 480వ సెక్షన్‌లో ఆ మాట ఉంది. మొదటిసారి కేసులో చిక్కినవాళ్లు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలే గడిపేసి ఉంటే 479వ సెక్షన్ కింద విడుదల కోరవచ్చు. యావజ్జీవం, మరణశిక్ష పడే కేసులకు ఇది వర్తించదు. వకీలు పెట్టుకోలేనివాళ్లకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా పెట్టాలి, ఎస్సీ ఎస్టీలకూ కస్టడీలో ఉన్నవాళ్లకూ ఆదాయంతో సంబంధం లేకుండా ఆ హక్కు ఉంది.

విద్యార్థి మిత్రులు చేయగలిగింది సమాచార హక్కు దరఖాస్తు. నంద్యాల, ఆళ్లగడ్డ సబ్ జైళ్ల గురించి విడివిడిగా అడగండి. గడిచిన ఏడాది ఎంతమంది లోపలికి వచ్చినారు, అందులో ఎంతమందికి ప్రవేశ ఆరోగ్య పత్రం నింపినారు, ఎంతమందికి ఎక్స్‌రే తీసినారు, ఎంతమంది తెమడ పంపినారు, ఫలితం రావడానికి ఎన్ని రోజులు పట్టింది, టీబీ తేలినవాళ్లలో విడుదలైన తర్వాత చికిత్స పూర్తయినవాళ్లు ఎంతమంది. పేర్లు అడగొద్దు, అంకెలు చాలు. "క్యాంపులు నిర్వహించామా" అని అడిగితే "నిర్వహించాము" అని ఒక్క ముక్కలో వస్తుంది, అందుకే మొదటి రెండు ప్రశ్నలు వదలొద్దు. ఫీజు మండల స్థాయి కార్యాలయానికి 5 రూపాయలు, ఆపై స్థాయికి 10, దారిద్ర్యరేఖ దిగువన ఉన్నవాళ్లకు ఏమీ లేదు. మామూలుగా గడువు 30 రోజులు. లోపల ఉన్న ఒక మనిషి ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 7వ సెక్షన్ కింద 48 గంటల్లో ఇవ్వాలి. దరఖాస్తు పైన ఆ మాట స్పష్టంగా రాయండి, తీసుకున్న వేళ కూడా రసీదు మీద వేయించుకోండి.